హ్యాండిల్ కొట్టడానికి కావలసింది కండ కాదు

సంపాదకుడిగారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల జ్ఞాపకాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇత్తడి దీపాలు, రబ్బరు బుడ్డి హారను, చెక్క ఆకుల చక్రాలు, అన్నీ ముచ్చటగా రాశారు. ఆ బండ్లను నడిపే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూడు వాక్యాల్లో తేల్చేశారు. ఆ మూడూ సగం సగం నిజాలే. ఇంజిన్ లేపడానికి బండి ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాలంటే కండ ఉండాలట. ఎత్తు ఎక్కడానికి రివర్సులో పోయేది రివర్సు గేరుకు బలం ఎక్కువ కాబట్టేనట. గేరు మార్చేటప్పుడు రెండుసార్లు క్లచ్ తొక్కడం, అదే డబుల్ క్లచ్, అప్పటివాళ్ళ అలవాటట. ఇవి నమ్మి ఎవరైనా ఓ పాత బండి ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుంటే మణికట్టు దక్కదు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైనందుకు మన్నించాలి.

ముందు హ్యాండిల్ సంగతి. ఇంజిన్‌ను గిరగిరా తిప్పనక్కర్లేదు. సరైన చోట పావు చుట్టు లాగితే చాలు. దానికి ముందు చేయవలసినవి ఉన్నాయి. గేరు లివర్‌ను అటూ ఇటూ ఊపి న్యూట్రల్‌లో ఉందని చేత్తో తెలుసుకోవాలి, కంటితో చూస్తే సరిపోదు. హ్యాండ్‌బ్రేకు లాగాలి, చక్రానికి చెక్కముక్క అడ్డం పెట్టాలి. స్టీరింగ్ దగ్గర స్పార్క్ లివర్ ఉన్న బండైతే దాన్ని పూర్తిగా రిటార్డ్ చేయాలి, అంటే స్పార్క్ ఆలస్యంగా పడేలా పెట్టాలి. మీరు ఫొటో వేసిన ఫోర్డ్ మోడల్ టి కారులో అది స్టీరింగ్ కింద ఎడమ పక్కన ఉంటుంది, పైకి తోస్తే రిటార్డ్. కుడి పక్కన ఉన్నది థ్రాటిల్, అంటే చేతి యాక్సిలరేటర్, దాన్ని నాలుగైదు గాట్లు కిందికి దించాలి. స్విచ్ ఆపే ఉంచి, రేడియేటర్ పక్కనున్న చోక్ తీగ లాగి పట్టుకుని, హ్యాండిల్‌ను పావు చుట్టు చొప్పున రెండు మూడుసార్లు పైకి లాగితే సిలిండర్లలోకి పెట్రోలు చేరుతుంది. ఇక చోక్ వదిలేసి, స్విచ్ వేసి, ఒకే ఒక్క లాగుడు.

ఆ లాగుడు ఎప్పుడూ కింది నుంచి పైకే. బండికి ఎదురుగా నిలబడితే గడియారంలో ఏడు ఉండే చోట పిడి పట్టుకోవాలి, పన్నెండు దగ్గర వదిలేయాలి. ఎడమ చేత్తో పట్టుకోవాలి. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, పిడిని చుట్టుకోకూడదు. ఇదంతా దేనికంటే, పరుగులో ఉన్న ఇంజిన్‌లో మంట రాజుకోవడానికి కొంత వ్యవధి కావాలి కాబట్టి పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఇస్తారు. చేత్తో తిప్పేటప్పుడు పిస్టన్ నెమ్మదిగా వస్తుంది. అప్పుడూ స్పార్క్ అంత ముందుగానే పడితే మంట పిస్టన్‌ను వచ్చిన దారినే వెనక్కి తంతుంది. హ్యాండిల్ మొనలో ఉండే పళ్ళు ఏటవాలుగా కోసి ఉంటాయి. ఇంజిన్ ముందుకు తిరిగితే అవి జారి విడిపోతాయి. వెనక్కి తిరిగితే మాత్రం గట్టిగా పట్టుకుంటాయి. అంటే ఆ తన్ను మొత్తం చేతికే. ఎడమ చేత్తో పైకి లాగుతుంటే పిడి వేళ్ళను తెరుచుకుని జారిపోతుంది. ఒంటి బరువు వేసి పై నుంచి కిందికి నొక్కేవాడికి, బొటనవేలు చుట్టినవాడికి తప్పించుకునే దారే లేదు. అప్పట్లో కట్టుకట్టే వైద్యులకు ఇలా విరిగిన మణికట్లు మామూలు సంగతి. హ్యాండిల్ బదులు కరెంటుతో ఇంజిన్ తిప్పే సెల్ఫ్, అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ తయారుచేసినది, 1912 నాటి క్యాడిలాక్ కార్లకు వచ్చింది. మోడల్ టి కి అది 1919 దాకా రాలేదు. సెల్ఫ్ వచ్చిన తరువాత కూడా చాలా ఏళ్ళపాటు బంపర్ మధ్యలో హ్యాండిల్ కన్నం ఉంచారంటే ఆ సెల్ఫ్‌ల మీద ఎంత నమ్మకం ఉండేదో తెలుస్తుంది.

మోడల్ టి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఇంజిన్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్. దాని క్లచ్ బిళ్ళలు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. చలికి ఆయిల్ చిక్కబడితే బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని, న్యూట్రల్‌లో ఉన్నా బండి ముందుకు పాకుతుంది. ఎదురుగా ఉన్నది హ్యాండిల్ పట్టుకున్న మనిషే. అందుకే చలి రోజుల్లో మిగతా మూడు చక్రాలకూ అడ్డాలు పెట్టి, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి అప్పుడు కొట్టేవారు.

ఇక రివర్సులో ఎత్తు ఎక్కడం. మోడల్ టి లో 'లో' గేరు (తక్కువ వేగపు గేరు) నిష్పత్తి 2.75, రివర్సుది 4. కాబట్టి రివర్సుకు బలం ఎక్కువన్నది అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం పెట్రోలు. దాని ట్యాంకు ఎక్కువ బండ్లలో ముందు సీటు కింద ఉంటుంది, పంపు ఉండదు. పెట్రోలు వాలుకు దిగి, దాన్ని గాలితో కలిపే కార్బురేటర్‌లోకి వెళ్ళాలి. బండి ముక్కు పైకి లేస్తే కార్బురేటర్ కూడా ట్యాంకు మట్టానికి లేస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే పరవాలేదు. అడుగున కొంచెమే మిగిలి ఉంటే పెట్రోలు అందక ఇంజిన్ ఎగశ్వాస తీస్తుంది. బండిని వెనక్కి తిప్పితే ట్యాంకు పైకీ ఇంజిన్ కిందికీ వస్తాయి, సమస్య ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. ఆ ఇంజిన్‌లో ఆయిల్ పంపు లేదు, ఇంజిన్ వెనకుండే బరువైన చక్రం, ఫ్లైవీల్, చిమ్మిన ఆయిలే ముందుకు పారుతుంది. చాలాసేపు ముక్కు ఎత్తి ఎక్కితే ముందు సిలిండర్ రాడ్ బేరింగుకు ఆయిల్ సరిగా అందక అది ముందు పోతుంది. బయట నుంచి ముందుకు ఆయిల్ తీసుకెళ్ళే గొట్టం విడిగా అమ్మేవారు. కొన్నవాళ్ళు తెలివైనవాళ్ళు.

పంపు లేని బండ్లలో మరో రకం ఉంది. ట్యాంకు వెనక ఉంటుంది, ఇంజిన్ పీల్పుతో పెట్రోలును లాక్కునే చిన్న డబ్బా ఒకటి బానెట్ కింద ఉంటుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఇంజిన్‌లో ఆ పీల్పు పడిపోతుంది. పొడవైన ఎత్తు మీద తొక్కి పట్టుకుని పోతుంటే డబ్బా క్రమంగా ఖాళీ అయి, సరిగ్గా సగం ఎత్తులో బండి ఆగిపోతుంది. విరుగుడు చాలా తేలిక. మధ్య మధ్యలో రెండు మూడు క్షణాలు కాలు పైకి తీయాలి. పీల్పు తిరిగి వచ్చి డబ్బా నిండుతుంది. అదే పీల్పుతో నడిచే వైపర్లు కూడా ఎత్తు మీద నిలిచిపోయి, కాలు తీయగానే చకచకా ఆడతాయి. వైపర్ మందగించిందంటే డబ్బా కూడా ఎండుతోందని దాన్ని చూసే పసిగట్టేవారు. నెలల తరబడి నిలిచిన బండైతే డబ్బా పై బిరడా తీసి కప్పు పెట్రోలు పోసి మొదలుపెట్టాలి, లేకపోతే ఎంత తిప్పినా లేవదు.

పెడళ్ళ గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మోడల్ టి లో మూడు పెడళ్ళూ ఉంటాయి కానీ ఏదీ మనం అనుకునేది కాదు. ఎడమది పూర్తిగా తొక్కితే లో గేరు, సగం తొక్కితే న్యూట్రల్, వదిలేస్తే హై. నడిమిది రివర్సు. కుడిది బ్రేకు. యాక్సిలరేటర్ చేతికే. హ్యాండ్ లివర్ ముందుకు వేసి ఉంటేనే హై పడుతుంది. నిటారుగా నిలిపితే ఎడమ కాలు తీసేసినా న్యూట్రల్, పూర్తిగా వెనక్కి లాగితే వెనక చక్రాలకు బ్రేకు. ఇప్పటి కారు అలవాటున్నవాడు అడ్డం ఏదైనా రాగానే ఎడమ కాలితో క్లచ్ అనుకుని బలంగా తొక్కుతాడు. లో గేరు పడి బండి ముందుకే దూకుతుంది.

1920ల నాటి బెంట్లీ లాంటి బండ్లలో యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడి చివర ఉంటాయి. ఇది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే మిగతావన్నీ మామూలుగానే కనిపిస్తాయి. పది నిమిషాలు జాగ్రత్తగా నడుపుతారు, పదకొండో నిమిషంలో ఉలిక్కిపడినప్పుడు పాత అలవాటే తొక్కిస్తుంది. ఇంజిన్ ఆపి, సీట్లో కూర్చుని, పక్కన ఒకరు "బ్రేకు" అని అరుస్తుంటే యాభైసార్లు తొక్కి చూడటం కంటే మంచి సాధన లేదు. చూసేవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

డబుల్ క్లచ్ అలవాటు కాదు, లెక్క. గేరు పళ్ళను ఒకే వేగానికి తెచ్చే సింక్రోమెష్ 1928లో క్యాడిలాక్‌తో వచ్చింది. అంతకు ముందు ఆ పని డ్రైవరే చేయాలి. ఉదాహరణకు రెండో గేరు నిష్పత్తి 2, మూడోది 1.4 అనుకుందాం. రెండో గేరులో ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు మూడో గేరుకు మార్చాలంటే, అదే బండి వేగానికి ఇంజిన్ 1,400 చుట్లకు దిగాలి. కాబట్టి క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయాలి, క్లచ్ వదలాలి, ఇంజిన్ దిగేదాకా ఆగాలి, తిరిగి క్లచ్ తొక్కి మూడో గేరు వేయాలి. న్యూట్రల్‌లో క్లచ్ ఎందుకు వదలాలని అడుగుతారు. వదిలితేనే గేరు పెట్టె లోపలి ఇరుసు ఇంజిన్‌తో కలిసి వేగం తగ్గించుకుంటుంది. తొక్కే ఉంచితే దానికీ ఇంజిన్‌కూ సంబంధం తెగిపోతుంది.

కిందికి మార్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది. 1,400 నుంచి 2,000కు ఎక్కించాలి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉన్నప్పుడు ఒక్కసారి రేసిచ్చి, వెంటనే క్లచ్ తొక్కి గేరు వేయాలి. రేసు తక్కువైతే గేర్లు అరుస్తాయి, ఎక్కువైనా అరుస్తాయి, కానీ రెండు అరుపుల్లో తేడా ఉంటుంది. నా చెవికైతే తక్కువైనప్పుడు ముతకగా గరగరమన్నట్టు, ఎక్కువైనప్పుడు సన్నగా కీచుమన్నట్టు వినిపిస్తాయి. చెవి పట్టుకుంటే చెయ్యి దానంతటదే దిద్దుకుంటుంది. పొద్దున్నే గేరు ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు లోపలి ఇరుసు త్వరగా మందగిస్తుంది కాబట్టి పైకి మార్చేటప్పుడు తక్కువసేపు ఆగాలి, మధ్యాహ్నానికి ఆయిల్ పలచబడితే కొంచెం ఎక్కువసేపు. పొద్దున బాగా పడిన గేరు మధ్యాహ్నం అరిచిందంటే పెట్టె పాడైందని కంగారుపడనక్కర్లేదు. ఆయిల్ అంటే గుర్తొచ్చింది, మార్కెట్లో దొరికే జీఎల్-5 రకం వీటిలో పోయకండి. అందులో కలిపే గంధకపు మందులు పాత పెట్టెల్లోని కంచు బుష్‌లను తినేస్తాయి.

తోలు తొడిగిన కోను (శంకువు ఆకారపు) క్లచ్ ఉంటే దానికో రెండు ముక్కలు. తోలు ఎండిపోతే ఒక్కసారిగా పట్టుకుని బండి కప్పలా గెంతుతుంది, దానికి కొంచెం ఆముదం పూసి రాత్రంతా నాననివ్వాలి. ఆముదం ఎక్కువై జారుతుంటే ముల్తానీ మట్టి పొడి చిటికెడు చల్లాలి. చిటికెడు అంటే చిటికెడే.

"పాత బండ్లకు బ్రేకులుండేవి కావు" అని చమత్కరించారు. ఉండేవి, చోట్లే వేరు. మోడల్ టి లో కాలి బ్రేకు చక్రాలను కాదు, గేరు పెట్టెలోని డ్రమ్మును పట్టుకుంటుంది. ఆ పట్టు చక్రాలకు చేరేది ఇరుసు, వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల గుత్తి (డిఫరెన్షియల్) మీదుగా. డిఫరెన్షియల్ లోపల మెత్తని తెల్ల లోహపు వాషర్లు ఉంటాయి. అవి అరిగి ముక్కలైతే పళ్ళు విడిపోతాయి, కాలి బ్రేకు ఉన్నట్టుండి పోతుంది. పాత ఇరుసు విప్పినప్పుడల్లా ఆ వాషర్లు తీసేసి కంచువి వేయడం ఇప్పుడు అందరూ చేసే పని. ఆస్టిన్ సెవెన్ 1922లో వచ్చినప్పుడు కాలి బ్రేకు వెనక చక్రాలకు, చేతి బ్రేకు ముందు చక్రాలకు పనిచేసేవి. రెండూ కలిపింది 1930లో. అంటే తొలి బండ్లలో సరిగా ఆపాలంటే కాలూ చెయ్యీ రెండూ కలవాలి.

వెనక చక్రాలకే బ్రేకున్న బండి పొడి రోడ్డు మీద సుమారు 0.3 జి (భూమ్యాకర్షణలో 0.3 వంతు) చొప్పున వేగం తగ్గుతుందనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో తొక్కిన చోటు నుంచి ఆగే చోటుకు 33 మీటర్లు. 0.8 జి తో ఆగే ఇప్పటి కారుకు 12 మీటర్లు చాలు. ముందున్న కారు ఠక్కున ఆగితే 21 మీటర్ల తేడా మీ రేడియేటర్ మీదే పడుతుంది. పాత బండి ముందు ఖాళీ వదిలితే అందులో ఇంకొకరు దూరతారు, నిజమే, మళ్ళీ వెనక్కి తగ్గడమే.

దిగుడులో బ్రేకును నమ్ముకోకూడదు. ఆ దారి ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు, అదీ దిగుడు మొదలుకాకముందే వేయాలి. మధ్యలో వేగం పుంజుకున్నాక సింక్రోమెష్ లేని పెట్టెలో కిందికి మార్చబోతే న్యూట్రల్‌లో చిక్కుకుపోవడం ఖాయం. అప్పుడు గేరూ లేదు, బ్రేకూ వేడెక్కి ఉంటుంది.

ఇప్పటి పెట్రోలుతో వచ్చే తంటా గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తి. కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం చూసేది ఫ్లోట్. పాత బండ్లలో చాలావాటికి ఇది బెండు ముక్క, దాని మీద లక్క పూత. వడ్రంగులు లక్కను దేంట్లో కరిగిస్తారో అందరికీ తెలుసు, స్పిరిట్‌లో. ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ ఆ స్పిరిట్ జాతిదే. కొద్ది వారాల్లో పూత జిగురుగా మారి, బెండు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది. ఫ్లోట్ మునిగితే పెట్రోలు దారిని ఆపే సూది మూసుకోదు, పెట్రోలు పొంగి కారుతుంది. చాలా ఇంజిన్లలో అది కారేది వేడి సైలెన్సర్ గొట్టం పక్కనే. గిన్నె విప్పి గోటితో ఫ్లోట్‌ను గీరండి. గోటికి అంటుకుంటే దాని పని అయిపోయినట్టే. మళ్ళీ లక్క పూస్తే మళ్ళీ అదే గతి. ఇథనాల్‌కు తట్టుకునే పూత వేయాలి, లేదా ఇత్తడి ఫ్లోట్ పెట్టాలి. ఇత్తడిదానికి సూది బెజ్జం పడితే మరిగి దించిన నీళ్ళలో ముంచితే బుడగలు వచ్చి చోటు చూపిస్తాయి. టంకం వేసేముందు లోపలి పెట్రోలు పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టాలి, మంటతో ఆటలొద్దు. టంకం ఎక్కువ పెడితే ఫ్లోట్ బరువెక్కి మట్టం పెరుగుతుంది, బండి నల్లపొగ కక్కుతుంది. అందుకే ముందూ తరువాతా తూచి చూసుకోవాలి.

వేడికి బండి ఆగిపోతే అందరూ పెట్రోలు ఆవిరైందంటారు. సగంసార్లే అది నిజం. ఆగిన వెంటనే గిన్నె అడుగు మర తిప్పి చూడాలి. పెట్రోలు రాకపోతే ఆవిరే, పంపు మీదా గొట్టం మీదా తడిగుడ్డ కప్పి పది నిమిషాలు ఆగాలి. గాజు గిన్నె మీద మాత్రం నీళ్ళు పడనివ్వకండి, పగులుతుంది. పెట్రోలు వస్తోందంటే అనుమానం స్పార్క్ పుట్టించే కాయిల్ మీదో కండెన్సర్ మీదో పెట్టుకోవాలి. అవీ వేడికే చస్తాయి, చల్లారితే బతుకుతాయి. అదే మోసం.

మిగతావి క్లుప్తంగా. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు చాలా బండ్లకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. 6 వోల్టుల బండికి 12 వోల్టుల బండి సెల్ఫ్ వైరు వేయకండి, కరెంటు రెట్టింపు కావాలి కాబట్టి సన్నవైరుతో సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. బ్యాటరీ పెట్టేముందు ప్లస్ ఎర్తా మైనస్ ఎర్తా, అంటే బండి బాడీకి తగిలించేది ఏ కొస అన్నది చూసుకోండి, ఇంగ్లీషు బండ్లలో చాలావాటికి ప్లస్సే ఎర్త్. పంపు లేకుండా వేడికి దానంతటదే నీరు తిరిగే రేడియేటర్‌లో నీటి మట్టం పై గొట్టం నోటికి పైనే ఉండాలి, కిందికి దిగితే తిరగడమే మానేస్తుంది. అంచు బిగింపు టైర్లలో గాలి 55 నుంచి 60 పౌండ్లు ఉండాలి, మెత్తగా ఉంటే సుఖమని తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. కార్బైడ్ దీపాలకు రాగి గొట్టం వాడకూడదు, కార్బైడ్ మీద నీళ్ళు పడి పుట్టే ఎసిటిలీన్ వాయువు రాగితో కలిసి పేలుడు పదార్థం తయారవుతుంది. వాడాక గిన్నెలో మిగిలిన తెల్ల ముద్దను ఆ రాత్రే కడిగేయాలి, గట్టిపడితే ఉలితో కొట్టుకోవాలి.

సంపాదకుడిగారికి చిన్న విన్నపం. పాత బండ్లు నడిపినవాళ్ళ జ్ఞాపకాలు ఇంకా వేస్తామని రాశారు. వేయండి. వాళ్ళను అడిగేటప్పుడు బండి రంగు, హారను గురించి మాత్రమే కాకుండా నాలుగు ప్రశ్నలు కలపండి. ఏ పెడల్ ఎక్కడ ఉండేది? చలిలో ఎలా లేపేవారు? ఏ ఎత్తు దగ్గర ఏ గేరు ముందే వేసేవారు? మధ్యదారిలో ఆగితే మొదట ఏం విప్పేవారు? ఈ వారం వేసిన మోడల్ టి ఫొటో మళ్ళీ వాడేటట్టయితే దాని కింద "ఎడమ పెడల్ క్లచ్ కాదు" అని ఒక్క వరుస అచ్చు వేయించండి.

భవదీయుడు,
పాత బండ్ల మరమ్మతు చేసే పాఠకుడు